సిమ్యులేటర్‌లో విమానం నడుపుదాం - 5వ పాఠం: ఇంజిన్ ఆగిన తొలి నిమిషం

గత పాఠంలో వీ-వన్ వేగం దగ్గర ఆగాం. ఆ వేగం దాటాక ఇంజిన్ పోయినా టేకాఫ్ మానకూడదు, మిగిలిన రన్‌వే మీద విమానం ఆగకపోవచ్చు అని చెప్పుకున్నాం. ఈసారి శంషాబాద్ నుంచి రెండు ఇంజిన్ల ఎయిర్‌బస్ ఏ320లో బయల్దేరుతున్నాం. చక్రాలు ఇప్పుడే నేల వదిలాయి. ఎడమ ఇంజిన్ ఆగింది, అలారం మోగుతోంది. మీ చేయి ఎటు పోతుంది?

కొత్తగా నేర్చుకునేవాళ్లకు సాధారణంగా ఇంజిన్ల శక్తి పెంచే, తగ్గించే లీవర్ల మీదికే పోతుంది. ఏదో ఒకటి చేసెయ్యాలన్న ఆత్రం. ఈ పాఠమంతా ఆ చేతిని ఆపడం గురించే.

ముందు కాళ్లకు పని. కుడి ఇంజిన్ ఒక్కటే తోస్తోంది కాబట్టి ముక్కు ఎడమకు లాగుతుంది. కుడి రడ్డర్ పెడల్ (తోకను తిప్పేది) తొక్కి తిన్నగా తెచ్చుకోండి. స్టిక్‌తో రెక్కను వంచి సరిచేయాలని చూడకండి. అలా చేస్తే రెక్క మీది స్పాయిలర్లు అనే పలకలు లేస్తాయి, అసలే తక్కువగా ఉన్న బలం గాలిని నెట్టడానికే ఖర్చవుతుంది. ముక్కు సుమారు 12.5 డిగ్రీల దగ్గర ఉంచి, తర్వాత తెర మీది గీతలు చూపినట్టు నడపండి. వేగం వీ-టూ కంటే, అంటే ఒక్క ఇంజిన్‌తో సురక్షితంగా పైకెక్కడానికి కావాల్సిన కనీస వేగం కంటే తగ్గకూడదు. విమానం నిజంగా పైకెక్కుతోందని తేలగానే చక్రాలు లోపలికి.

చక్రాలకు అంత తొందరెందుకు? రెండు ఇంజిన్ల విమానం ఒక్కదానితో, చక్రాలు ముడుచుకున్నాక కనీసం 2.4 శాతం వాలుతో పైకెక్కగలగాలన్నది నిబంధన. అంటే వెయ్యి అడుగులు ముందుకు పోతే 24 అడుగులు పైకి. నిండు బరువుతో, మండే ఎండలో చేతిలో మిగిలేది దాదాపు ఇంతే. చక్రాలు కిందికి వేలాడుతుంటే అదీ ఉండదు.

నేల నుంచి 400 అడుగులు దాటేవరకు ఇంతకు మించి ఏమీ చేయకూడదు. అలారం శబ్దం ఆపుకోవచ్చు, అంతే. ఇక్కడ ఇంట్లో సాధన చేసేవాళ్లు ఒక లెక్క తప్పుతారు. శంషాబాద్ రన్‌వే సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తులో ఉంది. కాబట్టి మీ ఆల్టీమీటర్‌లో చూడాల్సిన అంకె 400 కాదు, 2,424.

ఆ ఎత్తు దాటాక కాక్‌పిట్‌లో పని రెండుగా చీలుతుంది. ఒకరు విమానం నడుపుతారు, ఇంకో పని పెట్టుకోరు. రెండోవారు తెర మీద వచ్చిన చెక్‌లిస్ట్ చదువుతూ చేస్తారు. ఇంజిన్‌లో మంట ఉందనుకుందాం. ఆ ఇంజిన్ లీవర్ వెనక్కి, మాస్టర్ స్విచ్ ఆఫ్, ఫైర్ బటన్ నొక్కడం, పది సెకన్లు ఆగి మంట ఆర్పే మందున్న మొదటి సీసా వదలడం. మరో 30 సెకన్లకూ మంట చల్లారకపోతే రెండో సీసా. అయితే లీవర్ కదిపే ముందు, స్విచ్ వేసే ముందు చదివేవారు దాని మీద చేయి పెట్టి "ఎడమ ఇంజిన్ లీవర్, ఇదేనా?" అని అడుగుతారు. నడిపేవారు కళ్లతో చూసి "అదే" అన్నాకే అది కదులుతుంది.

ఇంత నిదానం అవసరమా అనిపిస్తే తైపేలో జరిగింది చూడండి. 2015 ఫిబ్రవరి 4న ట్రాన్స్‌ఏషియా 235 అనే ఏటీఆర్ 72-600 విమానం సొంగ్‌షాన్ విమానాశ్రయం నుంచి లేచింది. కాసేపటికే రెండో ఇంజిన్ ప్రొపెల్లర్ రెక్కలు తమంతట తామే గాలికి అంచు తిప్పుకున్నాయి, అంటే విమానాన్ని తోయడం మానేశాయి. ఒక ఎలక్ట్రానిక్ పెట్టెలో సోల్డర్ అతుకు చిట్లి, తప్పుడు సంకేతం వెళ్లింది. ఒకటో ఇంజిన్‌కు ఏ లోపమూ లేదు, దాంతోనే తిరిగి వచ్చి దిగొచ్చు. కానీ కెప్టెన్ ఒకటో ఇంజిన్ లీవర్ లాగుతున్నానన్నాడు. కో-పైలట్ ఆగండి, సరిచూద్దాం అన్నాడు. లీవర్ అప్పటికే వెనక్కి పోతోంది. ఆ తర్వాత ఆ మంచి ఇంజిన్‌నే ఆపేశారు. తప్పు తెలిసి మళ్లీ స్టార్ట్ చేసేసరికి ఎత్తూ లేదు, వేగమూ లేదు. కీలుంగ్ నదిలో పడ్డ ఆ విమానంలో 58 మంది ఉంటే 43 మంది చనిపోయారు. లోపం చిన్నదే. ప్రాణాలు తీసింది ఆ తొందర. నా దృష్టిలో ఈ పాఠానికి అంతకంటే బలమైన ఉదాహరణ లేదు.

మళ్లీ మన విమానంలోకి. ఎక్కువ సంస్థల పద్ధతిలో నేల నుంచి 1,000-1,500 అడుగుల మధ్య ముక్కు కాస్త దించి వేగం పెంచుతారు, టేకాఫ్ కోసం రెక్కల వెనక దించిన ఫ్లాప్స్ ముడుస్తారు. అప్పుడు లీవర్‌ను గరిష్ఠ నిరంతర శక్తికి తెస్తారు. ఒక్క ఇంజిన్‌తో టేకాఫ్ శక్తిని పది నిమిషాలకు మించి వాడకూడదు.

మాటలు చివర. ప్రమాదంలో ఉన్నామని తెలిపే మేడే అనే మాట మూడుసార్లు చెప్పి, ఇంజిన్ పోయింది, ఈ దిశలో వెళ్తున్నాం అంటే చాలు. ఏటీసీ (నేల మీది విమాన నియంత్రణ కేంద్రం) ఏదైనా అడిగితే "స్టాండ్‌బై" అనొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. క్యాబిన్ సిబ్బంది పెద్దకు నాలుగు సంగతులు చెబుతారు: ఏం జరిగింది, ఏం చేయబోతున్నాం, ఎంత సమయముంది, ప్రత్యేకంగా ఏమైనా చేయాలా. ఆమె వాటిని తిరిగి అప్పజెప్పాలి.

మంట ఆరకపోతే మాత్రం ఈ నిదానమంతా పక్కన పెట్టి వెంటనే దిగాలి. ఇంజిన్ ఆగడంతోనే సరిపోతే తొందర లేదు. 2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి లేచిన క్వాంటస్ 32 అనే నాలుగు ఇంజిన్ల ఏ380 విమానంలో రెండో ఇంజిన్ టర్బైన్ డిస్క్ పగిలి, ముక్కలు రెక్కను చీల్చాయి. హెచ్చరికలు వరదలా వచ్చాయి. చెక్‌లిస్టులకే దాదాపు 50 నిమిషాలు పట్టింది. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిన్యీ ఒక దశలో ఏవి పాడయ్యాయో లెక్కపెట్టడం మాని, ఏవి పనిచేస్తున్నాయో చూడటం మొదలుపెట్టారు. విమానంలోని 469 మందీ క్షేమంగా దిగారు.

ఈ వారం సాధన: ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. విమానాల గురించి తెలియకపోయినా ఫర్వాలేదు. ఏ ఇంజిన్‌ను ఎప్పుడు ఆపాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి, మీకు చెప్పొద్దనండి. 2,424 లోపు మీ చేయి స్టిక్, చక్రాల లీవర్, అలారం తప్ప దేన్ని తాకినా ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు. ఆ తర్వాత ప్రతి లీవర్‌కూ "ఇదేనా?" అని పైకే అడగండి. వాళ్లు తెర చూసి "అదే" అనేదాకా ఆగండి. ఒకటి రెండుసార్లు కావాలనే "కాదు" అనమని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఏ320లో గాల్లో ఇంధనం పారబోసే ఏర్పాటు ఉండదు. నిండు ట్యాంకులతో, దిగడానికి అనుమతించిన గరిష్ఠ బరువు కంటే ఎక్కువ బరువుతో ఎలా దిగాలో 6వ పాఠంలో.