అమ్మమ్మ పోయాక ఏం దాచుకోవాలి, ఏది ముందు

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళాక అందరూ చేసే మొదటి పని, మంచి ఫోటో ఒకటి వెతికి పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించడం. చేయించండి, కానీ దానికి తొందరేం లేదు, ఫోటో ఎక్కడికీ పోదు. తొందరపడాల్సింది ఆవిడ ఫోన్ విషయంలో, ఆవిణ్ణి చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనుషుల విషయంలో. నాయనమ్మ అయినా ఇదే వరస.

ముందు ఫోన్. ఇంకెవరు వాడతారులే అని ఆ నంబరుకి ఎవరూ రీఛార్జ్ చేయరు. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకుండా పడుంటే కంపెనీ నంబరు తీసేసుకోవచ్చు, తర్వాత అది ఎవరికో వెళ్ళిపోతుంది. వాట్సాప్ అయితే 120 రోజులు తెరవకపోతే మామూలుగా అకౌంటే తీసేస్తారు. కాబట్టి ఒక ఏడాది చిన్న రీఛార్జ్ వేస్తూ ఫోన్ బతికించి ఉంచండి. ఈలోగా ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ బయటికి తీయండి. చాట్ తెరిచి 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి, మీడియాతో సహా అని ఎంచుకుంటే ఆడియో ఫైళ్ళు కూడా వస్తాయి. చాట్‌లోనే ఉన్నాయి కదా అని వదిలేయొద్దు, ఎవరో ఒకరు స్టోరేజ్ నిండిందని క్లియర్ కొట్టేస్తారు. ఫైళ్ళకి పేర్లు పెట్టండి, '2021 సంక్రాంతి, అరిసెల పాకం ముదిరిందని తిట్లు' అన్నట్టు, లేకపోతే రెండేళ్ళ తర్వాత ఏది ఏదో మీకే తెలీదు. ఇంకో మాట, ఈ వాయిస్‌లు ఎక్కువగా దొరికేది అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న మనవల దగ్గర. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఆవిడ ఎదురుగానే చెప్పేది కదా. ఇంట్లో పెళ్ళి వీడియో క్యాసెట్లు ఉంటే అవి కూడా స్టూడియోకి ఇచ్చి మార్పించండి, బూజు పడితే ఇక అంతే.

రెండోది మనుషులు. ఆవిడ చెల్లెలు, తోడికోడలు, పక్కింటి పిన్నిగారు, పొలం పనులకి కలిసి వెళ్ళినావిడ. వీళ్ళకీ వయసు మీద పడింది, వచ్చే వేసవికి వెళ్దాంలే అనుకోకండి. వెళ్ళి "అమ్మమ్మ గురించి చెప్పండి" అంటే మాత్రం "మహాతల్లి, దేవత" అని కళ్ళు తుడుచుకుని ఊరుకుంటారు, అంతకు మించి రాదు. చిన్న ప్రశ్నలు అడగండి. కాపురానికి వచ్చినప్పుడు ఏ బండిలో వచ్చింది? ఆ రెండెకరాలు ఎందుకు అమ్మారు? ఎవరితో మాటలు మానేసింది, మళ్ళీ ఎప్పుడు కలిశారు? సంవత్సరం అడిగితే ఎవరికీ గుర్తుండదు, అందుకని అందరికీ తెలిసినవాటితో ముడిపెట్టి అడగాలి. కృష్ణా జిల్లా వైపైతే 1977 దివిసీమ ఉప్పెనకి ముందా తర్వాతా అని, గోదావరి వైపైతే 1986 వరదలప్పుడు మా అమ్మకి ఎంత వయసుంది అని, తెలంగాణలో 1948 పోలీసు చర్య నాటికి అమ్మమ్మ పుట్టిందా అని, లేదా 1979, 1991 గోదావరి పుష్కరాల్లో ఏ పుష్కరానికి వెళ్ళారు అని. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన ఉంచండి, ముందు చెప్పి పెట్టండి, మొహం మీద కెమెరా మాత్రం పెట్టొద్దు.

వంటలు వేరే కథ. ఆవిడ చేతి ఆవకాయ ఎవరికీ కుదరడం లేదంటే చేతి మహిమ అని సరిపెట్టుకుంటాం గానీ, చాలావరకు అది కొలత. సోలెడు కారం అంటే ఆ ఇంట్లో ఉన్న సోలెడు, అందులోనూ తలకొట్టి పోస్తుందా, గోపురంగా పోస్తుందా అన్న దాంట్లోనే తేడా అంతా వస్తుంది. లెక్క ప్రకారం నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, కానీ ఇంట్లో వాడింది ఏ హార్లిక్స్ సీసా మూతో అయ్యుండొచ్చు. ఆ గిన్నె, ఆ గ్లాసు ఎవరూ పట్టుకుపోకముందే తీసి పెట్టండి. వంటింటి కాటా ఒకటి కొనుక్కుని దాంతో కారం ఎంత, ఆవపిండి ఎంత, ఉప్పు ఎంత అని విడివిడిగా తూయండి, ఒకే గ్లాసు కారానికీ ఉప్పుకీ బరువు ఒకటి కాదు. ఆవిడ పక్కనే నిలబడి చేసిన అత్తో పిన్నో ఉంటారు, వాళ్ళ చేత ఒకసారి పెట్టించి, గుప్పిట్లోకి తీసినదాన్ని జాడీలో వేయకముందే కాటా మీద వేయించండి. విసుక్కుంటారు. పర్లేదు, ఆ విసుగు కూడా రికార్డ్ చేసుకోండి. ఏ ఊరి కాయ, ఏ నూనె, ఎన్నో రోజున తిరగ కలిపేది, ఇవి కూడా రాసుకోవాలి.

వస్తువుల దగ్గరే తగాదాలొస్తాయి. నగల సంగతి పెద్దవాళ్ళు చూసుకుంటారు, మీరు చీరల సంగతి చూడండి. నూలు చీరలు నాలుగు కలిపి బొంత కుట్టిస్తే వాడుకలో ఉంటుంది, బీరువాలో పెట్టి ముట్టుకోకుండా ఉండే దానికంటే నయం, కాకపోతే కత్తెర పెట్టేముందు ఆవిడ కూతుళ్ళని ఒక మాట అడగండి. పట్టు చీరల మధ్య కలరా ఉండలు వేయొద్దు, జరీ నల్లబడుతుంది. తెల్ల నూలు గుడ్డలో చుట్టి అప్పుడప్పుడూ మడత మార్చండి. పాత ఫోటో అద్దానికి అతుక్కుపోతే లాగొద్దు, అద్దంతోనే స్కాన్ చేయించండి. ఫోటో వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ నొక్కు ముందుకి తేలుతుంది.

ఇక తిథి. మరణ ధ్రువపత్రం మీద తేదీ ఉంటుంది గానీ తిథి ఉండదు. తిథి రోజు మధ్యలో ఎప్పుడైనా మారుతుంది కాబట్టి ఎన్నింటికి పోయారో కూడా రాసి పెట్టుకోవాలి. మాసం, పక్షం, తిథి, గోత్రం, ఆవిడ తల్లిదండ్రుల పేర్లు, ఇవన్నీ ఒక మెసేజ్‌గా రాసి కుటుంబం గ్రూపులో పిన్ చేసేయండి, లేకపోతే ప్రతి ఏడాదీ అదే ఫోన్లు, అదే టెన్షన్. విదేశాల్లో ఉంటే మీ ఊరి పంచాంగం చూసుకోండి, ఇక్కడి రోజు అక్కడికి ఒక్కోసారి సరిపోదు. మీరు కూతురి పిల్లలైతే తద్దినం మేనమామ పెడతారు, కానీ భాద్రపదంలో మహాలయ పక్షాల తర్పణాల్లో తల్లి వైపువాళ్ళ పేర్లు కూడా చెప్తారు, అప్పుడు పురోహితుడు అడిగితే నీళ్ళు నమలకుండా ఆ మెసేజ్ చూసి చెప్పొచ్చు. తెలంగాణలో పెత్తరమాసకి, అంటే మహాలయ అమావాస్యకి, పెద్దలకి బియ్యం ఇచ్చేటప్పుడు, కోస్తాలో సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఆవిడకి నచ్చిన రంగు చీర తీసుకోండి. ఇవేవీ మీ ఇంట్లో లేకపోతే ఆ రోజు ఆవిడ చేసే పులుసు ఒకటి వండి, ఆవిడ ఏటా కబురంపి మరీ పిలిచే మనిషిని మీరే భోజనానికి పిలవండి.