పాతకాలపు మంగలి కత్తితో గడ్డం గీసుకునే ముందు జాగ్రత్తలు

విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు పరిసరాల్లో ఉండేవారు మొదట గమనించవలసింది తుప్పును. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ ఊళ్లలో తయారైన పాత కత్తులు చాలావరకు కార్బన్ ఉక్కువి కనుక, ఉప్పుగాలి తగిలే బాత్‌రూమ్‌లో ఒక్క రాత్రి తడిగా వదిలినా మచ్చలు పడవచ్చు. పైపై మచ్చ ప్రమాదం కాదు గానీ, అంచు మీద గుంట గాని, బీట గాని కనిపిస్తే ఆ కత్తిని ముఖానికి తాకించకూడదు. సెల్యులాయిడ్ (పాతకాలపు ఒక రకం ప్లాస్టిక్) పిడిని కూడా పరీక్షించాలి. అది శిథిలమయ్యే కొద్దీ ఆమ్ల ఆవిరులు వెలువడి, పక్కనున్న ఉక్కును తినేస్తాయి.

ఇతరులు వాడిన కత్తిని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయాలి. మరిగే నీటిలో వేస్తే పాత పిడి పాడవుతుంది. ఆల్కహాల్‌ను సెల్యులాయిడ్‌కు తగలనివ్వకుండా ఉక్కు వరకే తుడవడం మంచిది.

తోలు పట్టీ మీద సానపెట్టేటప్పుడు కత్తి వెన్ను, అంటే మొద్దు వైపు, ముందుండాలి, అంచు వెనుక రావాలి. తిప్పేటప్పుడు కూడా వెన్ను మీదే తిప్పాలి, లేకుంటే తోలు తెగుతుంది. తొందర పనికిరాదు.

గోరువెచ్చని నీటితో గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు నానబెట్టి, నురుగు బాగా పట్టించి, చర్మాన్ని లాగి పట్టుకొని, సుమారు 30 డిగ్రీల కోణంలో వెంట్రుకల వాలు వెంబడే గీయాలి. మొదటి వారాల్లో చెంపలతో సరిపెట్టుకొని, గడ్డం కింది భాగాన్ని మామూలు రేజర్‌కు వదిలేయడం నా సలహా. పటిక ముక్క, పొడి తువ్వాలు, చివర్లో ఉక్కుకు పూయడానికి కుట్టుమిషను నూనె ముందే దగ్గర పెట్టుకోవాలి.