చేలో తెల్ల పొర, తోటలో ఎండిన మట్టలు: డెల్టా రైతుకు సమస్య - పరిష్కారం

సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్చిన నెలలోపే పైరు దెబ్బతింటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఎరువుల కొట్టు. గోదావరి డెల్టాలో ముందు చూడాల్సింది నీరు ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది అని. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక పంట కాలువలు ఊరూరా చేరాయి. కానీ పంట కాలువ మీద చూపినంత శ్రద్ధ మురుగు కాలువ మీద మనమెవరం చూపలేదు. ఇక్కడి నేల జబ్బులు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

పైరు అక్కడక్కడా గుంపులుగా చనిపోతోంది

చేలోకి దిగి ఆకు పట్టుకుని చూడండి. కొసలు తెల్లబడి ఎండుతుంటే, గట్ల మీద తెల్లటి పొర కనిపిస్తుంటే అది ఉప్పు, అంటే పాలచౌడు. అలా కాకుండా ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి, లేత ఆకుల మధ్య ఈనె మొదట్లో పాలిపోతే జింకు లోపం. దీనికి లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి, 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే చాలు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని మందు కొట్టడం వల్లే డబ్బు వృథా అవుతోంది.

చౌడు అనుమానం ఉంటే కాలువలు కట్టేసిన వేసవిలో మట్టి తీయండి. అప్పుడు ఉప్పు పైకి తేలి ఉంటుంది. చేలో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో జానెడు లోతు తవ్వి, అంచు నుంచి పలచగా మట్టి తీసి కలపండి. అందులో అరకిలో గుడ్డసంచిలో పోసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. బాగున్న చోటి మట్టి, చెడిన చోటి మట్టి మాత్రం కలపొద్దు, వేర్వేరు సంచుల్లో ఇవ్వాలి. రిపోర్టులో ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 4 దాటి, పీహెచ్ 8.5 లోపు ఉంటే పాలచౌడు. పీహెచ్ 8.5 దాటితే కారుచౌడు, అంటే క్షార నేల అయ్యే అవకాశం ఎక్కువ.

జిప్సం పనిచేసేది కారుచౌడుకే, అదీ పరీక్షలో చెప్పిన మోతాదులో. పాలచౌడుకి జిప్సం బస్తాలు మోయడం దండగ. దానికి మంచినీళ్లే మందు. చేనును చిన్న మడులుగా చేసి గట్లు బిగించండి. కాలువ నీరు నిండుగా పెట్టి దమ్ము చేసి, కొన్ని రోజులు ఉంచి మురుగు బోదెలోకి వదిలేయండి. ఇలా మూడు నాలుగుసార్లు చేయాలి. తర్వాత జీలుగ చల్లి పూతకు రాగానే కలియదున్నండి. ఉప్పుకు తట్టుకునే పచ్చిరొట్ట అదే. మురుగు బోదె పూడిపోయి ఉంటే మాత్రం ఇదంతా చేసినా ఉప్పు మళ్లీ చేలోనే మిగులుతుంది.

వాన వెలిసినా నీరు దిగడం లేదు

బోదె వెంట కింది దాకా నడిచి వెళ్లండి. అడ్డం సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది: గుర్రపుడెక్క, పుంతకు (బండి దారికి) అడ్డంగా వేసిన చిన్న తూము, లేదా ఎవరో తమ చేలో కలుపుకున్న బోదె గట్టు. పొలం బోదెల పూడిక పనిని గ్రామసభలో ఉపాధి హామీ పనుల జాబితాలో పెట్టించండి. పెద్ద డ్రెయిన్ (మురుగు కాలువ) అయితే సాగునీటి సంఘం తీర్మానంతో జలవనరుల శాఖ డ్రెయిన్ల విభాగానికి వెళ్లాలి. ఆక్రమణ అయితే సర్వే కోసం తహసీల్దారుకు అర్జీ పెట్టుకోవాలి. ఫలానా సర్వే నంబరు దగ్గర అడ్డం అని రాసి ఫొటోలు జతచేస్తే ఫైలు కదులుతుంది. "ఊరంతా మునిగిపోతోంది" అని రాస్తే ఎవరికీ పట్టదు. 2022లో కోనసీమ రైతులు కొందరు సార్వాకి పంట విరామం (పంట వేయబోమని) ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో పూడిన డ్రెయిన్లు ఒకటి. నోటితో అడిగితే జరగని పని అని వాళ్లకు తెలిసే అంత దూరం వెళ్లారు.

కొబ్బరి మట్టలు ఎండిపోతున్నాయి, పిందె రాలుతోంది

తెగులు అనుకోకముందు పక్కన ఏముందో చూడండి. సముద్రానికి దగ్గరి డ్రెయిన్లలో పోటు సమయంలో ఉప్పునీరు ఎగదన్నుతుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పక్క తోటలు అలాగే మోడుబారాయి. ఇది ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. డ్రెయిన్ గట్టు ఎత్తు చేయడం, పోటు నీరు ఆపే తలుపులు పెట్టడం ప్రభుత్వమే చేయాలి. తోటలన్నిటి తరఫున కలిసి అడగండి.

పక్కనే రొయ్యల చెరువు ఉంటే అనుమానం దాని మీద. చెరువు గట్టు దగ్గర, తోటకు అవతలి చివర, ఒకేరోజు మూడడుగుల లోతు దాకా మట్టి తీయించి ఈసీ పోల్చండి. గట్టు వైపు బాగా ఎక్కువగా వస్తే ఊట అక్కడి నుంచే. మధ్యలో ఊట బోదె తవ్వి డ్రెయిన్‌కి కలపమని చెరువు వాళ్లని అడగండి. వినకపోతే రిపోర్టులు జతచేసి మత్స్యశాఖకు రాయండి, చెరువుకు అనుమతి ఉందో లేదో కూడా అడగండి. తోట యాజమాన్యం గురించి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు చెబుతారు.

బోరు నీరు ఉప్పగా మారింది

తీరం దగ్గర మంచినీళ్లు పైన పలచగా ఉంటాయి, కింద ఉప్పునీరు ఉంటుంది. ఎక్కువసేపు తోడితే ఉప్పు పైకి వస్తుంది. బోరు ఇంకా లోతుకు దింపించకండి, అది చెడగొట్టుకోవడమే. తక్కువ హెచ్‌పీ మోటారుతో, ఆపి ఆపి తోడండి. కాలువ వచ్చినప్పుడు కుంట నింపి పెట్టుకోండి.

లంక (నది మధ్య దిబ్బ భూమి) గట్టు కోతకు గురవుతోంది

వట్టివేరు, రెల్లు వేస్తే వాన నీటికి కొట్టుకుపోయే మట్టి ఆగుతుంది. వరదలో గోదావరి అడుగునుంచి తొలిచే కోతకు మాత్రం అవి చాలవు, రివెట్‌మెంటు (గట్టుకు రాతి కట్టుబడి) లేదా గ్రోయిన్లు (ప్రవాహాన్ని గట్టు నుంచి మళ్లించే అడ్డుకట్టలు) కావాలి. వరద తీయగానే, కొత్త అంచు కనిపించేటప్పుడే వీఆర్వోని పిలిచి పోయిన భూమి రికార్డు చేయించండి. ఆ పంచనామా కాపీతోనే జలవనరుల శాఖ నది విభాగానికి అర్జీ పెట్టండి.