గాజు పనికి పెద్ద హ్యాండ్ టార్చి ఎంచుకోవడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు కాలేజీ ల్యాబులకు, మిల్లు ల్యాబులకు గాజుసామాను బాగుచేసేవారికి బల్ల మీద బిగించిన బర్నర్ చాలా పనులకు సరిపోతుంది. గొట్టం చిన్నదైతే చేత్తో తిప్పుతూ మంటలోకి తెచ్చుకోవచ్చు. 75, 100 మిల్లీమీటర్ల గొట్టం లేతు (గొట్టాన్ని పట్టి తిప్పే యంత్రం) మీద తిరుగుతున్నప్పుడు, స్టాండుకు బిగించిన వాక్యూమ్ లైనులో (గాలి తీసేసి వాడే గాజు గొట్టాల వరుసలో) ఒక స్టాప్‌కాక్ (గాజు కుళాయి) మార్చాల్సి వచ్చినప్పుడు అది కుదరదు. అప్పుడు మంటే గాజు దగ్గరికి వెళ్లాలి. పెద్ద హ్యాండ్ టార్చి, అంటే చేత్తో పట్టుకునే గ్యాసు బర్నర్, అవసరం అక్కడే.

కొనేవారు చాలామంది ముందు టార్చి చూసి, తర్వాత గ్యాసు సంగతి ఆలోచిస్తారు. మన జిల్లాల్లో వరుస తిరగేయాలి. ఆక్సిజన్ దూరం నుంచి లారీలో రావాలి కాబట్టి, ఎంత మంట కావాలో, దానికి ఎన్ని సిలిండర్లు పోతాయో తేలాకే టార్చి సైజు మాట.

గాజు లెక్కతో మొదలుపెడదాం. ల్యాబు సామానులో ఎక్కువ భాగం బోరోసిలికేట్ 3.3 రకం, వేడికి తట్టుకునే గాజు. ఇది దాదాపు 820 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, పని చేయడానికి వీలుగా పాకంలా మారేది 1250 దగ్గర. 50 మి.మీ. గొట్టం, 2 మి.మీ. మందం, 25 మి.మీ. వెడల్పున పట్టీలా వేడి చేస్తే మంట కింద ఉండే గాజు సుమారు 17 గ్రాములు. 100 మి.మీ. గొట్టం, 3 మి.మీ. మందం, 50 మి.మీ. పట్టీ అయితే సుమారు 102 గ్రాములు. వ్యాసం రెట్టింపై, దాంతో పాటు మందం, పట్టీ కూడా పెరిగితే వేడెక్కాల్సిన గాజు ఆరు రెట్లైంది. పైగా ఎర్రగా కాలిన గాజు తన వేడిని బయటకు కక్కుతూనే ఉంటుంది. పట్టీ పెద్దదయ్యే కొద్దీ ఆ నష్టమూ పెరుగుతుంది. అందుకే చిన్న టార్చితో పెద్ద గొట్టాన్ని "ఇంకొంచెం సేపు" కాలిస్తే సరిపోతుందనుకోవడం తప్పు. ఒక పక్క మెత్తబడేసరికి ఇంకో పక్క చల్లారిపోతుంది, అతుకు వంకర పోతుంది.

ఇప్పుడు గ్యాసు. ఎల్పీజీ పూర్తిగా మండాలంటే ప్రొపేన్ ఒక పాలుకు ఆక్సిజన్ అయిదు పాళ్లు కావాలి, బ్యూటేన్‌కు ఆరున్నర. మంట చుట్టూ ఉన్న గాలి కొంత సాయపడుతుంది కాబట్టి సిలిండరు నుంచి నాలుగు పాళ్లు వదిలినట్టు లెక్క వేసుకోండి. నిమిషానికి 5 లీటర్ల ఎల్పీజీ వాడితే ఆక్సిజన్ 20 లీటర్లు. మామూలు పెద్ద ఆక్సిజన్ సిలిండరులో ఉండేది 7 ఘనమీటర్లు, అంటే 7000 లీటర్లు. అది 350 నిమిషాలు, ఆరు గంటలకు కాస్త తక్కువ. 100 మి.మీ. గొట్టానికి టార్చిని 10 లీటర్ల ఎల్పీజీ దాకా తెరిస్తే ఆ సిలిండరు మూడు గంటలు కూడా రాదు. ఎల్పీజీ మాత్రం 5 లీటర్ల చొప్పున గంటకు 700 గ్రాముల లోపే ఖర్చవుతుంది. 19 కిలోల కమర్షియల్ సిలిండరు ఒకటి అయ్యేలోపు దాదాపు అయిదు ఆక్సిజన్ సిలిండర్లు ఖాళీ అవుతాయి. స్పేరు దేనికి పెట్టుకోవాలో దీంతోనే తెలుస్తుంది. ఇంటి 14.2 కిలోల సిలిండరును వ్యాపారానికి వాడటం చట్టరీత్యా నేరం, ఆ ఆలోచనే వద్దు.

మెడికల్ ఆక్సిజన్ కాన్సెంట్రేటరుతో నడుపుదామని అడిగేవారున్నారు. నిమిషానికి 10 లీటర్లిచ్చే మిషను చిన్న బల్ల బర్నరుకు పనికొస్తుంది. పెద్ద హ్యాండ్ టార్చికి చాలదు, దాని ప్రెషరూ తక్కువే. కరెంటు పోయిందంటే అతుకు మధ్యలో మంట ఒక్కసారిగా పసుపుగా, మెత్తగా అయిపోతుంది.

టార్చి రకాలు రెండు. సర్ఫేస్ మిక్స్‌లో గ్యాసు, ఆక్సిజన్ వేర్వేరు సన్న గొట్టాల్లో మూతి దాకా వచ్చి బయట కలుస్తాయి. మంట లోపలికి పాకే అవకాశం లేదు. చప్పుడు తక్కువ, మంట వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. చిన్నది చేసినా టప్పున ఆరిపోదు. ప్రీమిక్స్‌లో రెండూ టార్చి లోపలే కలిసి వస్తాయి. మంట సూటిగా, చురుగ్గా గుచ్చుతుంది, మందపాటి గాజు లోపలి దాకా వేడి త్వరగా దిగుతుంది. అయితే గ్యాసు వేగం తగ్గినా, మూతి బాగా వేడెక్కినా మంట వెనక్కి దూకుతుంది. "టప్" మని పేలిన చప్పుడు అదే. పేలాక లోపల ఈల వేసినట్టు మోత వినిపిస్తే మంట లోపల మండుతోందన్న మాట. క్షణం ఆగకుండా రెండు వాల్వులూ కట్టేయాలి. పేరున్న నేషనల్ 3ఎ టార్చి ప్రీమిక్స్ రకమే. మా మాట: లేతు మీద పెద్ద గొట్టాలు అతికేవారు మొదటి టార్చిగా సర్ఫేస్ మిక్సే కొనండి. మందపాటి ఫ్లాంజి (గొట్టం చివర వెడల్పాటి అంచు), సన్న మూల లాంటి పనులు తరచూ వస్తుంటే అప్పుడు రెండోదిగా ప్రీమిక్స్.

వెల్డింగు షాపు టార్చితో సరిపెట్టుకోవద్దు. ఎసిటిలీన్ మంట మొన ఒక్క చోటే మరీ వేడెక్కించి గాజును ఉడికిస్తుంది, బుడగలు లేస్తాయి. ఆ టిప్పుకే ఎల్పీజీ కలిపితే మంట మూతి మీద నిలవదు, ఎగిరిపోతుంది. ఎల్పీజీ మంట నెమ్మదిగా పాకే రకం, దానికి వేరే మూతి ఉండాలి.

కొనేటప్పుడు చేతిలో పట్టుకుని చూడాలి, అదీ రెండు పైపులూ తగిలించి. ఒట్టి టార్చి తేలిగ్గానే ఉంటుంది, పైపుల బరువుకు మణికట్టు వెనక్కి లాగుతుంది. పది నిమిషాలు గాల్లో పట్టుకుని నిలబడండి. వాల్వులు బొటనవేలికి, చూపుడువేలికి అందాలి, చూడకుండానే ఏది ఏదో తెలియాలి. తల వంపు కూడా ముఖ్యం. లేతు పక్కన నిలబడి పనిచేసేవారికి వంపు ఉన్న తలైతే చెయ్యి మంటకు దూరంగా ఉంటుంది. నిటారు తల స్టాండు మీది పనికి, ఇరుకు సందులకు.

అమ్మేచోట వెలిగించి చూపమని అడగండి. ముందు గ్యాసు వెలిగించి, తర్వాత ఆక్సిజన్ మెల్లగా కలపాలి. ప్రతి రంధ్రం దగ్గరా లోపలి నీలి మొనలు ఒకే పొడవుండాలి. ఒకటి పొట్టిగా, ఒకటి వంకరగా ఉంటే ఆ రంధ్రంలో చెత్త ఉందనో, మూతి సరిగా చేయలేదనో అర్థం. వాల్వు కొద్దిగా తిప్పితే మంట కొద్దిగానే మారాలి. గెంతినట్టు మారితే గాజు పనికి అది పనికిరాదు. సర్ఫేస్ మిక్స్ ఆర్పేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత గ్యాసు.

వంటగ్యాసు రెగ్యులేటరు ఇచ్చేది సుమారు 30 మిల్లీబార్లు, దీనికి అది చాలదు. తిప్పి పెంచుకునే ఎల్పీజీ రెగ్యులేటరు కావాలి. 0.2 నుంచి 0.4 బార్ దగ్గర మొదలుపెట్టండి, ఆక్సిజన్ 0.7 నుంచి 1.4 బార్. తయారీదారు వేరే అంకె రాసిస్తే అదే పాటించాలి. పైపు లోపలి వ్యాసం 8 మి.మీ. ఉండాలి. సన్నటి పైపు వేసి, ప్రెషరు పెంచి సర్దుకుంటే మంట ఊగుతుంది. ఆక్సిజన్‌కు నీలం పైపు, ఎల్పీజీకి నారింజ రంగుది. ఎర్రది ఎసిటిలీన్ కోసం చేసింది, ఎల్పీజీ తగిలి దాని లోపలి రబ్బరు పాడవుతుంది. గ్యాసు వైపు నట్టు ఎడమ మర, అంటే ఎడమకు తిప్పితే బిగుస్తుంది, బలవంతంగా కుడికి తిప్పి పాడుచేయకండి. రెండు రెగ్యులేటర్ల దగ్గరా ఫ్లాష్‌బ్యాక్ అరెస్టరు (వెనక్కి దూకిన మంటను ఆపేది), టార్చి దగ్గర చెక్ వాల్వు (గ్యాసును ఒక్క వైపే పోనిచ్చేది) తప్పనిసరి. ఆక్సిజన్ అమరికలకు నూనె, గ్రీజు చుక్క కూడా తగలకూడదు, అంటుకుంటుంది. ప్రతి అతుకు సబ్బునీళ్లతో చూడాలి. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి గాలి పోవడానికి దారి గడప ఎత్తులో ఉండాలి. కిటికీ ఒక్కటే ఉంటే సరిపోదు.

కోరాపుట్, సెమిలిగుడ వైపు చలికాలంలో ఇంకో చిక్కుంది. గ్యాసు ఎక్కువగా లాగితే సిలిండరు చల్లబడి అడుగున మంచు పడుతుంది, ప్రెషరు పడిపోతుంది, మంట నీరసిస్తుంది. టార్చిలో లోపం లేదు, లోపలి ద్రవం కావలసినంత వేగంగా ఆవిరి కావడం లేదంతే. రెండు సిలిండర్లను మానిఫోల్డుతో (రెండింటి గ్యాసూ ఒకే పైపులోకి తెచ్చే అమరికతో) కలిపితే ఒక్కోదాని మీద భారం సగమవుతుంది. సిలిండరును నిలబెట్టే వాడాలి. దాన్ని మంటతో కాని, మరిగే నీళ్లతో కాని వేడి చేయకూడదు.

పని మొదట ఆక్సిజన్ తక్కువ పెట్టి, మెత్తటి పసుపు మంటతో గొట్టమంతా తడిమి వేడెక్కించాలి. పెద్ద గొట్టం మీదికి నేరుగా నీలిమంట పెడితే చిట్లుతుంది. సీలింగ్ ఫ్యాను ఆపేయండి, గాలి తగిలితే ఒక పక్క చల్లబడి పగులుతుంది. పాత సామాను అయితే లోపల సాల్వెంటు మిగల్లేదని, ఎక్కడో ఒక మూతి తెరిచి ఉందని చూశాకే మంట దగ్గరికి తేవాలి. సోడియం పసుపు వెలుగును ఆపే డిడీమియం కళ్లద్దాలు పెట్టుకుంటే గాజు ఎక్కడ మెత్తబడిందో కనిపిస్తుంది. పెద్ద అతుకుకు మంటను మెల్లగా తగ్గిస్తూ చల్లార్చడం చాలదు, 560 డిగ్రీల దగ్గర పట్టి ఉంచి మెల్లగా దించే ఓవెన్ కావాలి. అది లేకుండా 100 మి.మీ. పని ఒప్పుకోకండి. ఈరోజు బాగుందనిపించిన అతుకు రేపు ల్యాబులో వాక్యూమ్ పెట్టగానే విరుగుతుంది.

టార్చితో పాటే వాల్వు ఓ-రింగులు రెండు సెట్లు, ఒక స్పేరు మూతి తెప్పించుకోండి. గోపాలపూర్ వైపు ఉప్పుగాలికి ఇత్తడి పచ్చగా పడుతుంది. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, మూతికి టోపీ పెట్టి, పైపులు మడత పడకుండా వేలాడదీయండి.