యూదు, ఇస్లాం ధర్మాలలో జీవిత లక్ష్యం, పరలోకం: హైదరాబాదులో ఉండి అధ్యయనం చేసే పద్ధతి

చనిపోయిన తరువాత ఏమవుతుందని యూదులూ ముస్లిములూ నమ్ముతారో తెలుసుకోదలచిన తెలుగు పాఠకుడు సాధారణంగా స్వర్గనరకాల వర్ణనలతో మొదలుపెడతాడు. ఆ దారి పట్టవద్దని నా సలహా. ఈ రెండు ధర్మాలలోనూ పరలోకమంటే ఇక్కడి బతుకు మీద వెలువడే తీర్పు. తీర్పు అర్థం కావాలంటే మనిషికి అప్పగించిన పని ఏమిటో ముందు తెలియాలి. అందువల్ల మొదట జీవిత లక్ష్యాన్ని చెప్పే వాక్యాలు చదవండి, తరువాత అంత్యక్రియలను గమనించండి, ఆ పిమ్మటనే పరలోక సిద్ధాంతాల జోలికి వెళ్లండి.

ఖురాన్ తెలుగులో దొరుకుతుంది. చిలుకూరి నారాయణరావు వంటి పండితుడు గత శతాబ్దంలోనే దానిని అనువదించారు, ఆ తరువాత మరికొన్ని అనువాదాలు వచ్చాయి. మొదటి పుట నుంచి చదువుకుంటూ పోకుండా మూడు చోట్లు తీయండి. 51వ సూరా (అధ్యాయం) 56వ వాక్యం జిన్నులనే అదృశ్య జీవులనూ మానవులనూ దేవుడు తన ఆరాధన కోసమే సృష్టించానని చెబుతుంది. 67వ సూరా 2వ వాక్యం మీలో ఎవరి ఆచరణ మేలైనదో పరీక్షించడానికి చావునూ బతుకునూ సృష్టించానంటుంది. 2వ సూరా 30వ వాక్యంలో మనిషి భూమి మీద దేవుని ప్రతినిధి, అంటే ఖలీఫా. ఆరాధన, పరీక్ష, ప్రాతినిధ్యం అనే ఈ మూడింటినీ కలిపి చూస్తేనే ఇస్లాంలో జీవిత లక్ష్యం పూర్తిగా కనిపిస్తుంది. ఆరాధన అనగానే నమాజు ఒక్కటే అనుకోవద్దు. నిజాయితీగా సంపాదించడం, తల్లిదండ్రులను చూసుకోవడం, దేవుని కోసమనే సంకల్పంతో చేస్తే, అవి కూడా ఆరాధనలోకే వస్తాయి.

యూదుల వైపు వస్తే దారి కొంచెం చుట్టు తిరుగుతుంది. వారి హీబ్రూ గ్రంథమే తెలుగు బైబిలులో పాత నిబంధనగా ఉంది. అందులో ద్వితీయోపదేశకాండం 30వ అధ్యాయం, మీకా 6వ అధ్యాయం 8వ వచనం చదవండి. జీవమూ మరణమూ నీ ముందుంచాను, జీవాన్నే కోరుకో అని మొదటిది ఆదేశిస్తుంది. న్యాయంగా నడవడం, కనికరాన్ని ప్రేమించడం, దేవుని ఎదుట వినయంగా ప్రవర్తించడం ఇవే మనిషిని అడిగేవని రెండవది చెబుతుంది. అయితే క్రైస్తవ వ్యాఖ్యానం విని పెరిగినవారు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆదాము పాపం పుట్టుకతోనే ప్రతి మనిషి మీద శిక్షగా పడుతుందనీ, దానికి వేరొకరు ప్రాయశ్చిత్తం చేశారనీ యూదులు నమ్మరు, ముస్లిములూ నమ్మరు. ఎవరి లెక్క వారిదే, తౌబా, అంటే పశ్చాత్తాపం, చేసుకునే తలుపు చివరి ఘడియల దాకా తెరిచే ఉంటుంది. యూదులకు ఆ లెక్క తోరా అనే మోషే ఐదు కాండాలలోని 613 ఆజ్ఞల చుట్టూ తిరుగుతుంది.

మోషే ఐదు కాండాలలో పరలోకం గురించి దాదాపు ఏమీ లేకపోవడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఖురాన్‌లో తీర్పుదినం మాటిమాటికీ వస్తుంది. తోరాలో పంట, వాన, సంతానం, దేశం గురించిన వాగ్దానాలే ఎక్కువ. మృతులు లేస్తారన్న స్పష్టమైన మాట దానియేలు 12వ అధ్యాయంలో కనిపిస్తుంది. యెరూషలేములో రెండవ ఆలయం నిలిచి ఉన్న కాలంలో సద్దూకయ్యులనే యూదు వర్గం ఈ పునరుత్థానాన్ని కాదంది, పరిసయ్యులనే వర్గం ఔనంది. రబ్బీలు, అంటే యూదు ధర్మబోధకులు, పరిసయ్యుల పక్షాన నిలిచారు గనుక వారి ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో సన్‌హెద్రిన్ అనే భాగపు 10వ అధ్యాయం ఇశ్రాయేలీయులందరికీ రాబోయే లోకంలో భాగం ఉందని ప్రకటించి, పునరుత్థానాన్ని నిరాకరించేవారిని ఆ భాగం నుంచి తప్పించింది. మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడీస్ (1138–1204) తన 13 విశ్వాస సూత్రాలలో చివరిదిగా పునరుత్థానాన్నే పెట్టాడు. ఆయనే అంతిమ ఆనందాన్ని శరీరం లేని ఆత్మస్థితిగా వివరించాడు కూడా. ఆ వివరణ మీద వాదం రేగితే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాసి సమాధానం చెప్పవలసి వచ్చింది.

ఈ దశలో అవోత్ అనే మిష్నా భాగంలోని 4వ అధ్యాయం మీద తీరికగా ఒక సాయంత్రం గడపండి. ఈ లోకం రాబోయే లోకానికి వసారా వంటిదనీ, సభామందిరంలోకి వెళ్లే ముందు వసారాలోనే సిద్ధపడాలనీ అక్కడ రబ్బీ యాకోబు అంటాడు. ఆయనదే తరువాతి మాట: పశ్చాత్తాపంతో, సత్కార్యాలతో ఇక్కడ గడిపిన ఒక్క ఘడియ రాబోయే లోకపు జీవితమంతటికన్నా మేలు, అక్కడి ఒక్క ఘడియ ఆనందం ఇక్కడి జీవితమంతటికన్నా మేలు. ఈ రెండు సగాలలో ఒకదాన్ని కొట్టేసి రెండోదాన్ని నిలబెట్టే ప్రయత్నం చేయవద్దు. పని చేయగలిగే చోటు ఇక్కడ, ఫలం దక్కే చోటు అక్కడ అన్న భావన ఆ రెంటి మధ్యనే ఉంది. యూదు ధర్మం గురించి నాకు అత్యంత ప్రియమైన వాక్యం ఇదే.

పునర్జన్మ భావనలో పెరిగిన మనం దానిని కాసేపు పక్కన పెట్టి చదవడం అవసరం. 23వ సూరా 99, 100 వాక్యాలలో చనిపోతున్న మనిషి తనను వెనక్కు పంపమనీ, ఈసారి మంచి చేస్తాననీ వేడుకుంటాడు. కుదరదన్న జవాబుతో పాటు లేపబడే దినం వరకూ వారి వెనుక బర్జఖ్ అనే అడ్డు ఉందని అక్కడే వస్తుంది. యూదులలో మాత్రం విషయం ఇంత సూటిగా లేదు: పదవ శతాబ్దంలో యూదు పండితుడు సాదియా గావోన్ పునర్జన్మను గట్టిగా ఖండించాడు, తరువాతి కబ్బలా అనే మార్మిక సంప్రదాయం గిల్గుల్ పేరుతో దానిని స్వీకరించింది.

ఇక పుస్తకం మూసి గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లండి. గుమ్మటాల కన్నా ముందు అక్కడి స్నానశాలను చూడండి. రాజవంశీకుల మృతదేహాలను ఖననానికి ముందు కడిగిన కట్టడం అది. మధ్యలో దేహాన్ని పడుకోబెట్టే అరుగు, నీటి తొట్లు ఉన్నాయి. సుల్తాను అయినా గుస్ల్ అనే అంతిమ స్నానం చేయించుకుని, కుట్టు లేని తెల్లని కఫన్ వస్త్రంలోనే వెళ్లాలి. యూదులలోనూ ఇలాగే శవాన్ని నీటితో శుద్ధి చేసి సాదా తెల్లని బట్ట కడతారు. అంత్యక్రియల ఖర్చు బంధువులకు చావు కన్నా భారమైపోతున్న కాలంలో రబ్బీల నాయకుడు రబ్బన్ గమలియేలు తనను నారబట్టలోనే సాగనంపమని చెప్పి ఈ వాడుకకు దారి వేశాడని, మిష్నా మీద రబ్బీల చర్చల గ్రంథమైన తల్మూదు చెబుతుంది.

పాతబస్తీలో పరిచయస్తుల ఇంట మరణం సంభవిస్తే జనాజాతో (శవయాత్రతో) పాటు ఖబరస్తాన్ దాకా నడవండి. మన నగరానికి కాబా పడమటి దిక్కున ఉంది గనుక సమాధిని ఉత్తర దక్షిణాలుగా తవ్వి, తల ఉత్తరాన ఉంచి, కుడి పక్కకు ఒత్తిగిలించి ముఖం పడమటికి తిప్పుతారు. వచ్చినవారు మూడు పిడికిళ్ల మట్టి వేస్తూ 20వ సూరా 55వ వాక్యాన్ని మూడు ముక్కలుగా చదువుతారు: దీని నుంచే మిమ్మల్ని సృష్టించాము, దీనిలోకే చేరుస్తాము, దీని నుంచే మరోసారి లేపుతాము. పునరుత్థాన సిద్ధాంతమంతా ఆ మూడు పిడికిళ్లలో ఉంది. మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహల్లుం అనే స్మరణ కార్యాలు చాలా ఇళ్లలో చేస్తారు, కొందరు వాటిని ఒప్పుకోరు. ఆ తేడా గురించి దుఃఖంలో ఉన్న ఇంట్లో అడగవద్దు. కొన్నాళ్లాగి, ఇంటి పెద్దనో మసీదు ఇమాంసాబునో “తెలుసుకుందామని అడుగుతున్నాను సాబ్” అని అడిగితే ఓపికగా చెబుతారు. మరణంతో మనిషి కర్మలు ఆగిపోయినా, కొనసాగే దానం, ఉపయోగపడే విద్య, దువా (ప్రార్థన) చేసే మంచి సంతానం అనే మూడు మాత్రం ఆగవన్న హదీసును, అంటే ప్రవక్త మాటను, వారు తప్పక ప్రస్తావిస్తారు. వీధిలో చనిపోయినవారి పేరున పెట్టిన మంచినీటి కూలర్‌కు ఆధారం అదే.

యూదుల కద్దీష్ ప్రార్థనను కూడా ఇలాగే గమనించాలి. తల్లి లేదా తండ్రి పోయినవారు దానిని 11 నెలలు చదువుతారు గాని అందులో చావు ప్రస్తావనే లేదు, ఉన్నదంతా దైవస్తుతి. దుష్టులకు శిక్ష 12 నెలలని మిష్నా అంటుంది. పూర్తిగా 12 నెలలు చదివితే తల్లిదండ్రులను దుష్టుల జాబితాలో చేర్చినట్లవుతుందని ఒక నెల ముందే ఆపేస్తారు. హైదరాబాదులో యూదులను కలవడం అరుదే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు సముదాయం యూదు ఆచారాలు పాటిస్తోంది. పూర్వం మాత్రం ఈ రెండు ధర్మాల మధ్య సంభాషణ మన ఊళ్లోనే జరిగింది: యూదు కుటుంబంలో పుట్టి ఇస్లాంలోకి వచ్చిన కవి సర్మద్‌ను దబిస్తానె మజాహిబ్ అనే వివిధ మతాల గురించిన గ్రంథ రచయిత 1647లో హైదరాబాదులో కలుసుకుని, యూదు మతం గురించిన సమాచారాన్ని ఆయన నుంచే తీసుకున్నాడు.

చివరగా పోలిక పని. ఒక ప్రాణాన్ని కాపాడితే లోకాన్నంతా కాపాడినట్లేనన్న మాట మిష్నా సన్‌హెద్రిన్ 4వ అధ్యాయంలో ఉంది. 5వ సూరా 32వ వాక్యం అటువంటి మాటనే ఇశ్రాయేలు సంతతికి విధించిన శాసనంగా పేర్కొంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన రాసుకోండి. తరువాత పరమతస్థుల గతి ఏమిటన్న ప్రశ్న తీసుకోండి. అన్యజనులలోని నీతిమంతులకూ రాబోయే లోకంలో భాగముందని, మిష్నాకు అనుబంధ సంకలనమైన తోసెఫ్తాలో రబ్బీ యెహోషువ అభిప్రాయం, దానిని ఖండించిన రబ్బీ ఎలియెజెరు అభిప్రాయం రెండూ కనిపిస్తాయి. ఖురాన్‌లో 2వ సూరా 62వ వాక్యాన్ని 3వ సూరా 85వ వాక్యంతో కలిపి చదవండి, వ్యాఖ్యాతలు వాటిని ఎన్ని రకాలుగా సమన్వయించారో ఇమాంసాబును అడగండి, ఒక్కొక్క జవాబునూ చెప్పినవారి సంప్రదాయం పేరుతో విడివిడిగా రాసిపెట్టుకోండి.