న్యూ ఆర్డర్ ‘మ్యూజిక్ కంప్లీట్’ ఎలా వినాలి: ఒక ప్యాడ్స్ ప్లేయర్ మాట

ముందు ఆ ఫోన్ స్పీకర్ ఆపేయండి. మాంచెస్టర్ బ్యాండ్ న్యూ ఆర్డర్ చేసిన ఈ ఆల్బమ్‌ని నేను మొదటిసారి గిన్నెలు తోముకుంటూ ఫోన్లోనే పెట్టుకున్నాను. మూడో పాట సగంలో ఆపేశాను. అంతా పలచగా, నీళ్లమజ్జిగలా ఉంది. బేస్ మీద నిలబడ్డ ఆల్బమ్ ఇది. ఆ బుల్లి స్పీకర్లోంచి బేస్ బయటికి రాదు. కాస్త పెద్ద స్పీకర్ గానీ, చెవుల్ని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ గానీ, అవీ లేకపోతే అద్దాలు ఎత్తేసిన కారు గానీ చూసుకోండి. గంటకు పైనే పడుతుంది, అంత టైమ్ కూడా పెట్టుకోండి.

నాకీ మాట చెప్పడానికి ఉన్న అర్హత ఒక్కటే. రాజమండ్రి చుట్టుపక్కల పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఏడేళ్లు ప్యాడ్స్, అంటే ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వాయించాను. కీబోర్డులోంచి లూప్, అంటే ముందే రికార్డు చేసి తిరిగి తిరిగి మోగే తాళం, నడుస్తుంటే దాని మీద చేత్తో దరువు వేయడమే నా పని. ఒకసారి కోరుకొండ దగ్గర ఊరేగింపులో జనరేటర్ ఆగిపోయింది. లూప్ పోయింది, నా ప్యాడ్స్ పోయాయి. మా డోలక్ మాస్టారు మాత్రం ఒక్క దెబ్బ తప్పకుండా వాయిస్తూనే ఉన్నారు. కరెంటు వచ్చి లూప్ మళ్లీ మొదలయ్యేసరికి రెండూ ఒకే తాళంలో కలిశాయి. ఆ క్షణం నా ఒళ్లు ఎలా జలదరించిందో, ఈ ఆల్బమ్‌లో కొన్నిచోట్ల అలాగే జలదరిస్తుంది. తర్వాత చదువుకని మాంచెస్టర్ వచ్చాను, వారాంతాల్లో ఒక గోడౌన్‌లో పనిచేసేవాణ్ని. నాతో పెట్టెలు సర్దే ఒక పెద్దాయన కుర్రతనంలో, న్యూ ఆర్డర్ వాటాతో నడిచిన హాసియెండా అనే డాన్స్ క్లబ్‌కి వెళ్లేవాడట. ఆయనే ఈ సీడీ నా చేతిలో పెట్టి, కూర్చుని వినొద్దని చెప్పాడు.

ఆ మాట పాటించండి. లేచి నిలబడి వినండి.

ఈ బ్యాండ్ గురించి ఏమీ తెలియకపోతే ముందు రెండు పాటలు వినండి. మొదటిది 1980లో జాయ్ డివిజన్ అనే బ్యాండ్ చేసిన ‘లవ్ విల్ టియర్ అస్ అపార్ట్’. ఆ ఏడాది మే 18న వాళ్ల గాయకుడు ఇయాన్ కర్టిస్ ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి అతని వయసు 23. మిగిలిన ముగ్గురూ ఆ పేరు వదిలేసి న్యూ ఆర్డర్ అయ్యారు. కీబోర్డుకి గిలియన్ గిల్బర్ట్ వచ్చి చేరింది. రెండోది 1983 నాటి ‘బ్లూ మండే’. ఏడున్నర నిమిషాల పాట. మొదట్లో ఆ డ్రమ్ మెషీన్ కిక్, అంటే ధమ్మని పడే పెద్ద డ్రమ్ దెబ్బ, తడబడినట్టు గబగబా కొట్టుకుంటుంది చూడండి, అక్కడ మనిషి చెయ్యి లేదు. అయినా పాట నిండా దిగులే. మెషీన్ మీద దుఃఖం ఎక్కించి జనాన్ని ఆడించడం వీళ్ల విద్య. 2015 సెప్టెంబర్ 25న ‘మ్యూజిక్ కంప్లీట్’ వచ్చేనాటికి ఆ విద్యకి ముప్పై ఏళ్లు దాటాయి.

ఇక ఆల్బమ్‌కి వద్దాం. మొదటి పాటతో మొదలుపెట్టకండి. ‘రెస్ట్‌లెస్’ మంచి పాటే, కానీ కొత్తవాళ్లని లోపలికి లాక్కెళ్లే పాట కాదు. నాలుగోది, ‘టుట్టి ఫ్రుట్టి’ పెట్టండి. బొంగురు గొంతుతో ఒకాయన ఇటాలియన్‌లో మాట్లాడతాడు, వెనక డిస్కో నడుస్తుంటుంది. లా రూ పేరుతో పాడే ఎల్లీ జాక్సన్ గొంతు కూడా ఇందులో ఉంది. పాట ముగిసేలోపు మీ మోకాలు కదిలితే చాలు.

తర్వాత ఒక పాట వెనక్కి రండి. ‘ప్లాస్టిక్’. దీనికో చిన్న పని చేయాలి. కిక్ డ్రమ్ మోగినప్పుడల్లా కుడిచేతి చూపుడువేలితో టేబుల్ మీద కొట్టండి. తేలికే, నాలుగుకి నాలుగూ సమానంగా పడతాయి. అది కుదిరాక ఎడమచేతి వేళ్లతో సింథ్ బేస్‌ని, అంటే సింథసైజర్ కీబోర్డు మీద పలికే బేస్‌ని పట్టుకోండి. ప్రతి దెబ్బ మధ్యలోనూ గింజలు రాలినట్టు సన్నసన్న స్వరాలు పరిగెడుతుంటాయి. నిమిషంలో మీ వేళ్లు అలసిపోతాయి, అది మాత్రం ఏడు నిమిషాల దాకా అలసిపోదు. 1977లో ప్రొడ్యూసర్ జార్జియో మొరోడర్, డిస్కో గాయని డోనా సమ్మర్ కలిసి చేసిన ‘ఐ ఫీల్ లవ్’ విన్నవాళ్లకి ఈ పరుగు వెంటనే గుర్తొస్తుంది. వేళ్లు ఆగిపోయినప్పుడు న్యూ ఆర్డర్ గాయకుడు బెర్నార్డ్ సమ్నర్ గొంతు వినండి. గొప్ప గాయకుడి గొంతు కాదది. సన్నగా, కాస్త బెదిరినట్టు ఉంటుంది. ఇంత కచ్చితమైన మెషీన్ పక్కన ఆ గొంతు ఉండబట్టే పాట మనది అనిపిస్తుంది.

ఇప్పుడు రెండో పాట, ‘సింగ్యులారిటీ’. నాకు ప్రాణమైన పాట ఇది. దీనికి టామ్ రోలండ్స్ కూడా ప్రొడ్యూసర్. కెమికల్ బ్రదర్స్ అనే ఇద్దరి డాన్స్ మ్యూజిక్ జట్టులో ఒకడు. ఆ ఇద్దరూ కలుసుకున్నది మాంచెస్టర్ యూనివర్సిటీలోనే. మొదట్లో బేస్, డ్రమ్స్ జాయ్ డివిజన్ రోజుల్లోకి తీసుకెళ్తాయి. కాసేపటికి సింథ్‌లు వరదలా కమ్ముకుంటాయి. మీరు పట్టుకోవాల్సింది బ్యాండ్ డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ డ్రమ్స్‌ని. మెషీన్‌లా వాయిస్తాడని మొదటినుంచీ పేరున్న మనిషి. మెషీన్ ఎక్కడ, మోరిస్ ఎక్కడ అని విడదీయడానికి ప్రయత్నించండి. రెండేళ్ల క్రితం ఊరెళ్లినప్పుడు మా డోలక్ మాస్టారికి ఈ పాట వినిపించాను. కళ్లు మూసుకుని మంచం పట్టీ మీద వేళ్లతో కొడుతూ విన్నారు. సగంలో ఉన్నట్టుండి వేళ్లు ఆపి, “ఇదిగో, ఇక్కడ వాయిస్తున్నది మనిషేరా” అన్నారు. ఇంగ్లిష్ పాట ఆయన కూర్చుని వినడం అదే మొదటిసారి.

మూడు పాటలూ అయ్యాక బేస్ గిటార్ సంగతి. పాత అభిమానులతో గొడవ వచ్చేది ఇక్కడే. జాయ్ డివిజన్ రోజుల నుంచీ ఉన్న పీటర్ హుక్ బేస్‌ని పై స్వరాల్లో, వీణ మీద రాగం పలికించినట్టు వాయించేవాడు. 2007లో విడిపోయాడు. అతను లేకుండా బ్యాండ్ చేసిన మొదటి స్టూడియో ఆల్బమ్ ఇదే, బేస్ టామ్ చాప్‌మన్‌ది. హుక్ లేని న్యూ ఆర్డర్ న్యూ ఆర్డరే కాదు అనేవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఆ లోటు నాకూ తెలుస్తుంది. కానీ ఆ లోటునే వెతుక్కుంటూ వింటే, తిరిగొచ్చినదాన్ని పోగొట్టుకుంటారు. కుటుంబం కోసం పక్కకు తప్పుకున్న గిల్బర్ట్ 2005 ఆల్బమ్‌లో లేదు, ఇందులో ఉంది. కీబోర్డులు మళ్లీ పాటకి వెన్నెముక అయ్యాయి.

ఆరో పాట ‘స్ట్రే డాగ్’ ఒక్కటీ కూర్చుని వినండి, లైట్లు తీసేసి. ఇందులో పాట లేదు. అమెరికన్ రాక్ గాయకుడు ఇగ్గీ పాప్ బావిలోంచి వస్తున్నట్టున్న గొంతుతో సమ్నర్ రాసిన మాటలు చదువుతాడు. 2014లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో వాళ్లిద్దరూ ఒకే వేదిక మీద పాడారు. దానికంటే పాత బంధం ఒకటుంది. ఇయాన్ కర్టిస్ పోయిన రాత్రి అతని రికార్డ్ ప్లేయర్ మీద ఉన్నది ఇగ్గీ పాప్ ఆల్బమ్ ‘ది ఇడియట్’. ఇది తెలిశాక ఆ ఆరు నిమిషాలూ నేను కదల్లేకపోయాను.

‘పీపుల్ ఆన్ ది హై లైన్’ మళ్లీ ఆడించే పాట, ఆ గిటార్ చక్‌చక్ శబ్దం దగ్గరే ఉండండి. ‘అకడమిక్’ గిటార్ పాట, హాయిగా సాగిపోతుంది. ‘నథింగ్ బట్ ఎ ఫూల్’ నాకు సాగతీతగా అనిపిస్తుంది, మీకు నచ్చితే మంచిదే. చివరి పాట ‘సూపర్‌హీటెడ్’లో కిల్లర్స్ అనే బ్యాండ్ గాయకుడు బ్రాండన్ ఫ్లవర్స్ పాడాడు. ఆ కిల్లర్స్ అనే పేరు ఎక్కడిదంటే, న్యూ ఆర్డర్ 2001 పాట ‘క్రిస్టల్’ వీడియోలో కనిపించే కల్పిత బ్యాండ్‌ది. పేరు తీసుకుని పెద్దవాడైన కుర్రాడు పేరిచ్చినవాళ్ల ఆల్బమ్‌లో చివరి పాట పాడుతున్నాడని గుర్తుపెట్టుకుని వినండి.

ఇవన్నీ అయ్యాక, వేరే రోజున, ఒకటి నుంచి పదకొండు దాకా ఆపకుండా వినండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. ‘రెస్ట్‌లెస్’ ఈసారి మీకు వేరుగా వినిపిస్తుంది.

రెండు వారాలు గడిచాక ‘కంప్లీట్ మ్యూజిక్’ వెతకండి. 2016 మేలో వచ్చింది, ఇవే పాటలు సాగదీసి క్లబ్ కోసం చేసినవి. అందులో ‘సింగ్యులారిటీ’ పెట్టి, మళ్లీ టేబుల్ మీద వేలితో మొదలుపెట్టండి.