బిగ్ బెండ్ ఎడారికి బయలుదేరే ముందు

డాలస్, హ్యూస్టన్‌లలోని మనవాళ్లకు మే నెలాఖరు సెలవులు రాగానే కారు తీయాలనిపిస్తుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేదీ ఎక్కువగా అప్పుడే. ఎక్కడికైనా తీసుకెళ్లండి గానీ, పశ్చిమ టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు మాత్రం మే, జూన్‌లలో వద్దు. అక్కడ ఎండ తీవ్రంగా ఉండే నెలలు అవే. చలికాలం నయం.

"మాది రెంటచింతల, ఈ ఎండ మాకొక లెక్కా!" అనే పెద్దాయన ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. రెంటచింతలలో మిట్టమధ్యాహ్నం ఎవరూ కొండలెక్కరు కదా! పైగా ఇక్కడి గాలి పొడిగాలి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు. 2023 జూన్‌లో 119 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 48 సెల్సియస్ ఎండలో ఈ పార్కులోని మరూఫో వేగా బాటలో నడుస్తూ 14 ఏళ్ల బాలుడు స్పృహ తప్పి చనిపోయాడు. సాయం కోసం కారు దగ్గరికి పరుగెత్తిన సవతి తండ్రి కూడా బతకలేదు. ఆ బాటలో నీడ లేదు, నీళ్లు లేవు.

మనిషికి రోజుకు ఒక గ్యాలన్ నీళ్లు, అంటే సుమారు నాలుగు లీటర్లు లెక్క వేసుకోండి. ఉత్త నీళ్లే తాగుతూ పోకుండా ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లో ఉంచుకోండి. పులిహోర నిలుస్తుంది, పెరుగన్నాన్ని మాత్రం కూలర్‌లోనే పెట్టాలి. ఆల్పైన్ అనే ఊళ్లోని ఆసుపత్రి పార్కు ప్రధాన కేంద్రానికి నూరు మైళ్ల పైమాటే కాబట్టి బీపీ, షుగరు మందులు రెండు రోజులకు అదనంగా పెట్టుకోండి. వాటిని ఎండలో ఆపిన కారులో వదలకండి.

ఇక కాగితాలు. తిరుగు ప్రయాణంలో ఆల్పైన్ వైపు వచ్చినా, మారథాన్ అనే ఊరి వైపు వచ్చినా సరిహద్దు గస్తీవాళ్లు కారు ఆపి పౌరసత్వం అడుగుతారు. పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు ఉంటే ఆ కార్డు అసలువే దగ్గరుండాలి. అమెరికాలోకి వచ్చినట్టు నమోదైన ఐ-94 పత్రాన్ని ప్రింటు తీసి పెట్టుకోండి. ఫోనులో ఫొటో ఉందిలే అని ధీమా పడకండి. పడవలో సరిహద్దు నది దాటి మెక్సికోలోని బోకియాస్ పల్లెకు వెళ్లడం సరదాగానే ఉంటుంది, కానీ ఆ దారి వారంలో కొన్ని రోజులే తెరుస్తారు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉండి వీసా స్టాంపు గడువు తీరినవారు లాయరును అడగకుండా ఆ పడవ ఎక్కవద్దు.

పార్కులోని బోకియాస్ కేన్యన్ (లోయ) బాట పక్కన రాళ్ల మీద లోహపు తీగతో అల్లిన తేళ్ల బొమ్మలు, చేతికర్రలు పేర్చి ఉంటాయి. పక్కనే డబ్బులు వేయడానికి ఒక డబ్బా. అమ్మేవాళ్లు నది అవతలి ఒడ్డున ఉంటారు. ఎంత ముచ్చటగా ఉన్నా ఇవతల కొనడం చట్టవిరుద్ధం, అధికారులు లాగేసుకుంటారు. పల్లెకు వెళ్లి కొంటే ఇబ్బంది లేదు.

మారథాన్ దాటాక డెబ్బై మైళ్లు పెట్రోలు దొరకదు, అక్కడే ట్యాంకు నింపండి. పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాపు ముందే దించుకోండి, కాగితపు మ్యాపూ తీసుకోండి. కారు చెడితే దాన్ని వదిలి నడిచిపోవద్దు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎగువన వాన పడినా వాగులు ఒక్కసారిగా పొంగుతాయి. సాంటా ఎలీనా కేన్యన్‌కు వెళ్లే బాట అలాంటి వాగునే దాటుతుంది. పార్కు పక్కనున్న టెర్లింగ్వా ఊళ్లో రాత్రి భోజనం చేసి వచ్చేటప్పుడు కారు నెమ్మదిగా నడపండి, జింకలు, అడవిపందుల్లాంటి హావెలీనాలు రోడ్డుకు అడ్డం వస్తాయి.

పిల్లలకు చెప్పులు కాకుండా బూట్లు వేయండి. సంచిలో ఒక దువ్వెన, ముళ్లు తీసే పట్టకారు ఉంచండి. బట్టలకు అతుక్కున్న కాక్టస్ ముక్కను చేత్తో లాగితే ముళ్లు వేళ్లకు దిగుతాయి, దువ్వెన పళ్లతో ఎగదోస్తే ఊడి పడిపోతుంది.